పసుపు డబ్బా

కళ్ళాపి చల్లడానికి బకెట్‌తో వచ్చిన తాయారు కారు ముందు ఆగిపోయింది. బంపరు కింద పసుపు నీళ్లు. ఇంకా చుక్క చుక్కగా కారుతున్నాయి.

ఇంకెవరు? పక్క వాటాలో ఉన్న తోటికోడలు ధనలక్ష్మే! గోడ తగువు వచ్చాక ఇద్దరికీ మాటల్లేవు. ఈవేళ ఎచ్చెర్ల యూనివర్సిటీలో తన కూతురు శ్రావణికి ఉద్యోగం ఇంటర్వ్యూ అని ఊరందరికీ తెలుసు. ఓర్వలేకే ఈ పని చేసింది. తాయారుకి అనుమానం రావడమే ఆలస్యం, నిజమైపోవడానికి క్షణం పట్టదు.

"ఏటండీ, ఇలా రండి! బండికి సిల్లంగి ఎట్టీసినారు!"

భర్త జగన్నాధం చేతుల మీద తువ్వాలు కప్పుకుని వచ్చాడు. "ఏటీ నేదు, ఊరుకో. పిల్లకి టైమవుతాది" అని నసిగాడు. పాపం, ఈయనా హడిలిపోయాడనుకుంది తాయారు.

గోడవతలికి వినబడేలా అందుకుంది. "కడుపుమంట ఉంటే నన్ననాల గానీ, నా పిల్ల జోలికొస్తావేటే?"

ధనలక్ష్మి చీపురుతోనే గుమ్మంలోకి వచ్చింది. "నాకేటీ తెల్దక్కా. నా పిల్లల మీదొట్టు."

వీధిలో నలుగురూ పోగయ్యారు. చిల్లంగి, చేతబడి అన్న మాట ఒకసారి అంటుకుంటే ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ఎవరూ ముట్టరు. అది తాయారుకి తెలుసు. తెలిసే అంది.

ముందు బండికి దిష్టి తీయాలని పసుపు కోసం వంటింట్లోకి వెళ్లింది. డబ్బా మూత తీస్తే అడుగు కనబడింది. మొన్న సంతలో కొని నిండా పోసిన పసుపు!

బయటికొచ్చి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "ఆ తువ్వాలు తియ్యండి."

గోళ్ల నిండా పసుపే.

"నిన్న రాజాం నుంచి వస్తంటే బండిని గట్టుకి కొట్టీసినాను. రేడియేటరుకి సన్న కన్నం పడిపోనాది. మెకానిక్కు దొరకనేదు. లారీవోలు పసుపు పోసి కన్నం మూస్తారు కదేటి, అదే సేసినాను. నీకు సెప్తే తిడతావని..."

"నా తిట్లకి బయపడి, అదిన్ని మాటలు పడతంటే సూస్తూ నిలబడ్డారా?"

తాయారుకి తల కొట్టేసినట్టయింది. జగన్నాధం నేల చూపులు చూస్తూ, "ఇంకో గుప్పెడు పోస్తే ఎచ్చెర్ల దాకా ఎల్తాది" అన్నాడు.

కొట్లు ఇంకా తెరవలేదు. ఫైలు పట్టుకుని శ్రావణి కారు దగ్గర నిలబడి ఉంది. తాయారు ఖాళీ డబ్బా తీసుకుని, ఆ నలుగురి ముందే ధనలక్ష్మి గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"తప్పు నాదే సెల్లీ. కాసింత పసుపెట్టవే."

ధనలక్ష్మి డబ్బా లోపలికి పట్టుకెళ్లి నిండా పోసి తెచ్చింది. తాయారు చెయ్యి చాపింది. ధనలక్ష్మి ఆ చేతికివ్వలేదు, మెట్టు మీద పెట్టింది.

"బావగారినొచ్చి తీసుకోమనక్కా. నా సెయ్యి తగిల్తే బండి ఆగిపోతాదేటో."