నీలం పువ్వు ఆరిపోయేదాకా

నేను ఒక చిన్న పంపుని. గుప్పిట్లో పట్టేస్తాను. నన్ను విడిగా చూసినవాళ్ళు ఎయిర్ కూలర్‌లో నీళ్ళు తోడే మోటారు అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు, నా పని కూడా నీళ్ళు తోడడమే. కాకపోతే నేను తోడినవి ఒక కరెంటు కారు కడుపు కింద, బ్యాటరీ పలకల మధ్య తిరిగే ఆకుపచ్చ నీళ్ళు. బ్యాటరీ ఒళ్ళు కాలిపోతుంటే ఆ వేడిని మోసుకెళ్ళి ముందున్న రేడియేటర్‌లో గాలికి వదిలేసేవాణ్ణి. చలికి బిగుసుకుపోతే హీటర్ దగ్గర వెచ్చబడ్డ నీళ్ళు తెచ్చి దాని చుట్టూ తిప్పేవాణ్ణి. పురుడు వచ్చిన ఇంట్లో ముసలమ్మ చేసే చాకిరీ లాంటిది నాది. ఎవరూ చూడరు, అది లేకపోతే ఇల్లు నడవదు.

తడ దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను చివరిగా పరీక్షించింది చెంగమ్మ అనే ఆమె. యంత్రాలు అన్నీ సరే అన్నాక కూడా ఆమె తృప్తి పడలేదు. నన్ను చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని విని, "ఇది మాట్లాడదు. పంపించండి" అంది. మా జాతిలో అంతకు మించిన మెప్పు లేదు.

నన్ను బిగించిన కారును మొదట కొన్నది విజయవాడ సిమెంటు వ్యాపారి శేషగిరి గారు. మే నెల ఎండలో తిరిగి వచ్చి కారు ఆపాక కూడా నేను కాసేపు తిరుగుతూ ఉండేవాణ్ణి. బ్యాటరీ చల్లబడాలి కదా. ఆయనకు అది నచ్చేది కాదు. "తాళం తీసేశాక కూడా ఈ గోలేంటయ్యా? దీనికి నిద్ర లేదా?" అని వాచ్‌మన్ మీద అరిచేవారు. ఇంటికి రాగానే చల్లటి నీళ్ళు కావాలనే మనిషికి, బండికీ అలాగే కావాలన్న ఊహ రాలేదు. మూడో ఏడు అమ్మేశారు.

కొన్నది లంబసింగి దగ్గర ఉండే వరహాలు. చలికాలంలో మంచు చూడడానికి వచ్చేవాళ్ళను కొండల్లో తిప్పే టాక్సీ ఆయనది. కారు ఇంటికి వచ్చిన రోజున సింహాద్రి అప్పన్న పటం ముందు పెట్టి, బానెట్ మీద చందనం బొట్టు పెట్టాడు. రోజూ ఛార్జింగ్ తీగ పెట్టేటప్పుడు "కృష్ణార్పణం" అనేవాడు. అది ఆయన లెక్కలో బండికి భోజనం. అంత భక్తితో నడిచే బండి అడుగున ఉన్నందుకు నాకు గర్వంగానే ఉండేది.

చిక్కంతా ఏకాదశితో వచ్చింది.

వరహాలు నెలకు రెండు ఏకాదశులూ ఉపవాసం ఉంటాడు. ఇంట్లో పొయ్యి వెలగదు. కారు కూడా ఇంటి మనిషే కాబట్టి దానికీ ఉపవాసమే అన్నాడు. ఆ రోజు తీగ పెట్టడు. మర్నాడు ద్వాదశి సూర్యోదయం అయ్యాక, తాను తులసితీర్థం పుచ్చుకున్నాకే దానికి పెట్టేవాడు. "మీకు ఉపవాసం సరే, ఇనుముకెందుకండీ?" అని భార్య నూకరత్నం నవ్వేది. "మన ఇంట్లో ఉన్నాక మన నేమమే" అనేవాడాయన. ఎండాకాలం, వానాకాలం ఇబ్బంది లేకుండా గడిచాయి. ఆ తర్వాత ధనుర్మాసం వచ్చింది, ముక్కోటి ఏకాదశి వచ్చింది.

ఆ ఏకాదశి సాయంత్రం పక్క ఊరి దేవకి వచ్చింది. కొండమీద బడిలో తక్కువ జీతానికి పాఠాలు చెప్పే అమ్మాయి. టీచరు ఉద్యోగాల పరీక్ష కోసం ఏడేళ్ళు ఎదురుచూసింది. మర్నాడే పరీక్ష, అనకాపల్లిలో. ఎనిమిదిన్నరకు గేటు మూసేస్తారు. ఒక్క నిమిషం దాటినా లోపలికి రానివ్వరు. ఆరు గంటల బస్సెక్కితే అందదు.

"ఐదింటికి బయల్దేరితే సరిపోద్ది. నేను తీసుకెళ్తానమ్మా" అన్నాడు వరహాలు.

"ఛార్జింగ్ ఇరవై రెండు శాతమే ఉంది. ఈ ఒక్క రాత్రికీ తీగ పెట్టండి" అంది నూకరత్నం.

"ముక్కోటి నాడా?" అని ఆయన చెవులు మూసుకున్నాడు. "ఘాటీ దిగడమే కదా. నర్సీపట్నం చేరేసరికి సూర్యుడొచ్చేస్తాడు. అక్కడ బంకులో పెడదాం."

కింద పడుకుని ఇదంతా విన్నాను. నాకు నోరు లేదు. ఉంటే ఒక్కటే అడిగేవాణ్ణి: చలి సంగతేమిటి సామీ?

ఆ తెల్లవారుజామున బయట చలి నాలుగు డిగ్రీలు. నూకరత్నం గూట్లో కొబ్బరినూనె సీసా తెల్లగా పేరుకుపోయింది. సీసా తలకిందులు చేసినా చుక్క రాదు. నూనె ఎక్కడికీ పోలేదు, అందులోనే ఉంది, కదలదంతే. చల్లబడ్డ బ్యాటరీ సరిగ్గా అంతే. ఉన్నది బయటికి ఇవ్వదు, కొత్తగా పెడితే లోపలికి తీసుకోదు.

ఐదుకు దేవకి దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చుంది. వరహాలు మీట నొక్కాడు. తెర మీద నీలం రంగులో మంచుపువ్వు గుర్తు వెలిగింది. మామూలుగా యాభై కిలోమీటర్లు చూపించాల్సిన చోట ముప్పై ఒకటి చూపించింది. నర్సీపట్నం బంకు ముప్పై కిలోమీటర్లు.

"ఎల్లిపోదాం. అప్పన్న ఉన్నాడు" అన్నాడాయన. గొంతులో మాత్రం ఆ ధైర్యం లేదు.

"మొన్న ఇలాగే సలిలో ఎల్తే బంకులో గంట పట్టిందన్నావు కదన్నా" అంది దేవకి. "గంట పడితే నాకు గేటు అందదు."

నూకరత్నం లాంతరు పట్టుకుని కారు ముందుకొచ్చి నిలబడింది. "ఆ నీలం పువ్వు ఉన్నంతసేపూ బండి కదపొద్దని మెకానిక్ సెప్పాడా లేదా? తీగ పెట్టి, ఎచ్చబెట్టే మీట నొక్కమన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను."

"తీగ పెడితే తిన్నట్టే కదే! ఇంకా సూర్యోదయం అవలేదు. నిన్నటి నుంచి నిలబెట్టిన నేమం, గంటన్నర కోసం ఒదిలేయమంటావా?"

"దేవకి ఏడేళ్ళు నిలబెట్టింది."

ఆయన మీట మీంచి చేయి తీశాడు. ఆమే గొంతు తగ్గించి, "తీగ తిండికే అని ఎవరన్నారు? సలికి కప్పే దుప్పటి అనుకోండి. పెట్టి సూడండి. అంకె ఒక్కటి పెరిగినా మీరే పీకేద్దురు గాని" అంది.

వరహాలు పటం వైపు చూశాడు. దిగి వెళ్ళి తీగ తెచ్చి పెట్టి, వెచ్చబెట్టే మీట నొక్కాడు. ఆ ఒక్కసారి కృష్ణార్పణం అనలేదు.

నేను లేచాను. మొదటి తిప్పు ఎంత కష్టమో ఎవరికి చెప్పను! నీళ్ళు చిక్కగా, బద్ధకంగా ఉన్నాయి. హీటర్ ఎర్రబడింది. గోడలోంచి వచ్చే కరెంటంతా అదే తినేస్తోంది, బ్యాటరీలోకి ఒక్క మెతుకు వెళ్ళడం లేదు. వెచ్చబడ్డ నీళ్ళను పలకల మధ్యకు తోశాను. చల్లబడి వెనక్కి వచ్చాయి. మళ్ళీ వెచ్చబెట్టి మళ్ళీ తోశాను.

ఐదు నిమిషాలు. ఇరవై రెండు. పది నిమిషాలు. ఇరవై రెండే.

అప్పుడు చూడాలి ఆ ఇద్దరి ముఖాలు. అంకె కదలనందుకు వరహాలు ముఖం విప్పారింది, నేమం చెడలేదని. దేవకి ముఖం మాడిపోయింది.

"కరెంటు రావట్లేదేమో అన్నా. పాడైపోయిందేమో. నేను రోడ్డు మీదకెళ్ళి ఏ లారీ అయినా ఆపుకుంటాను."

ఆ మాటతో ఆయన సంతోషం కూడా దిగిపోయింది. నిజమే, కరెంటు ఎటు పోతోంది? బానెట్ ఎత్తి, వంగి, చేయి లోపలికి పెట్టాడు. నా పక్కనున్న రబ్బరు గొట్టం ఆయన వేళ్ళకు తగిలింది. చటుక్కున చేయి తీసి, మళ్ళీ పెట్టాడు. నిదానంగా, బిడ్డ నుదురు చూసినట్టు.

"ఎచ్చగా ఉందర్రా! లోపల ఏదో తిరుగుతోంది."

ఆ "ఏదో" నేనే. నన్ను ఒక మనిషి చేత్తో పలకరించడం చెంగమ్మ తర్వాత అదే.

దేవకి కూడా వచ్చి గొట్టం తాకింది. "మా ఊళ్ళో థింసా ఆటకి ముందు డప్పుల్ని మంట దగ్గర కాస్తారు వదినా. ఆడేవాళ్ళు ఎంత తొందరపెట్టినా కాచేవాడు వినడు. కాయకుండా కొడితే మోత రాదు" అంది. వెళ్ళి కారులో కూర్చుని పుస్తకం తీసింది. లారీ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఐదూ ఇరవై ఆరుకు నీలం పువ్వు ఆరిపోయింది. అంకె ఇరవై రెండు. వరహాలు తీగ తీసి, భార్య ఇచ్చిన చిన్న తులసితీర్థం సీసా జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

ఘాటీలో మంచు దూదిలా పట్టేసింది. కారు దిగుతున్నప్పుడు చక్రాల పరుగే కరెంటుగా మారి బ్యాటరీకి తిరిగి రావాలి. చల్లటి బ్యాటరీ దాన్ని తోసిపుచ్చుతుంది, వెచ్చటిది అందుకుంటుంది. మూడో మలుపు దగ్గర అంకె ఇరవై మూడైంది. ఆఖరి మలుపు దాటేసరికి ఇరవై ఐదు.

"తినకుండా పెరుగుతోందేటమ్మా ఇది!" అన్నాడు వరహాలు. కళ్ళు చెమర్చాయి. "స్వామి పెడుతున్నాడు."

నాకు నవ్వు రావాలి, రాలేదు. కొండ ఎత్తు పెట్టింది, మేం వెచ్చగా ఉండి పుచ్చుకున్నాం. ఆ కొండను అక్కడ పెట్టింది ఎవరో పంపుకేం తెలుసు?

నర్సీపట్నం బంకు చేరేసరికి ఆరూ నలభై ఐదు. సూర్యుడు అప్పుడే పైకొచ్చాడు. వరహాలు తూర్పుకు దండం పెట్టి, ఒక చేత్తో ఛార్జర్ తీగ తగిలించి, ఇంకో చేత్తో సీసాలోని తులసితీర్థం గొంతులో పోసుకున్నాడు. బండీ ఆయనా ఒక్క క్షణంలో పారణ చేశారు. ఈసారి కృష్ణార్పణం గట్టిగా అన్నాడు, పక్కన పెట్రోలు పోయించుకునేవాడు తిరిగి చూసేటంత. వెచ్చటి బ్యాటరీ ఆకలిగొన్నదానిలా అందుకుంది. గంట పట్టిన చోట ఇరవై నిమిషాలు పట్టింది. చివర్లో అది వేడెక్కితే నేను ఆ వేడిని మోసుకుపోయి రేడియేటర్‌లో పారబోశాను. పొద్దున వెచ్చబెట్టిందీ నేనే, ఇప్పుడు చల్లబరుస్తున్నదీ నేనే. పెంచేవాళ్ళ పని ఇలాగే ఉంటుందేమో.

అనకాపల్లి కాలేజీ గేటు దగ్గర ఆగేసరికి ఎనిమిదీ ఇరవై ఐదు. గొలుసు చేత్తో పట్టుకుని నిలబడ్డ కాపలాదారు, "రండమ్మా రండి, బేగి!" అని అరిచాడు. దేవకి దుప్పటి సీట్లోనే పారేసి పరుగెత్తింది. వరహాలు దాన్ని మడతపెట్టి ఒళ్ళో ఉంచుకుని, ఆమె బయటికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.

దేవకికి ఉద్యోగం వచ్చింది. ఆమె స్వీట్లతో ఇంటికి వచ్చిన రోజున వరహాలు తన నేమంలో చిన్న మార్పు చేశాడు. ఏకాదశికి తాను మునుపటిలాగే ఉంటాడు, బండికి మాత్రం పలహారం. అరవై శాతం. అంతకు మించితే భోజనం కిందికి వస్తుందట! నూకరత్నం నవ్వి ఊరుకుంది. దేవుడు కూడా ఊరుకునే ఉంటాడని నా అనుమానం. చలికాలం పొద్దున్నే తీగ పెట్టి, నీలం పువ్వు ఆరేదాకా గొట్టం మీద చేయి వేసి నిలబడడం ఆయనకు సంధ్యావందనంలా అలవాటైపోయింది.

నాలుగేళ్ళ తర్వాత నా బేరింగులు అరిగాయి. నేను మాట్లాడడం మొదలుపెట్టాను. గరగరమని, సిగ్గులేకుండా. చెంగమ్మ వింటే ఏమనేదో. మెకానిక్ నన్ను విప్పి పాత ఇనుము బుట్టలో వేశాడు. వరహాలు బుట్టలోంచి తీసి, తుడిచి, దేవకికి ఇచ్చాడు.

ఇప్పుడు ఆమె బడిలో, బల్ల మీద ఉంటున్నాను. చలికాలంలో పిల్లలు కొండ దిగి బిగుసుకుపోయిన వేళ్ళతో వస్తారు. పలకా బలపం తీయండని ఆమె వెంటనే అనదు. అందరినీ తూర్పు గోడ వారన ఎండలో నిలబెడుతుంది, చేతులు రుద్దుకోమంటుంది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి గడియారం చూసుకుని, "బడి మొదలై పావుగంటైంది. వీళ్ళింకా ఒక్క అక్షరం రాయలేదేంటమ్మా?" అన్నాడు.

దేవకి నన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కాసేపు ఆగండి సార్. ఇంకా నీలం పువ్వు ఆరలేదు."

ఆయనకు అర్థం కాలేదు. ఎండలో మొదట నిలబడ్డ పిల్ల మాత్రం, చేతులు వెచ్చబడ్డాయేమో, తనంతట తానే లోపలికి వచ్చి పలక తీసుకుంది.