ఎంగిలి గరిటె

రోసెట్టా పెళ్లికి వస్తానని ఇంకా చెప్పలేదు. మాకు కాబోయే అల్లుడు డానియేల్‌ని పెంచింది ఈ నాయనమ్మే. ఆమె రాని పెళ్లి అతను చేసుకోడు. అందుకని మా అమ్మాయి గీతాంజలి శనివారం పొద్దున్నే నన్ను అమెరికాలోని అరోరా ఊళ్లో రైతుబజారుకు తీసుకెళ్లింది. కూరగాయలు ముసలామె కొంటుందట. వంట తన ఇంట్లో మా అమ్మాయికి నేర్పుతుందట. తిన్నాక తన మాట చెబుతుందట.

"నాన్నా, అక్కడ ఏదీ కామెంట్ చేయకు," కారు పార్క్ చేస్తూ అంది గీతాంజలి.

"నాకు ఇంగ్లీషే రాదు. ఏం కామెంట్ చేస్తాను?"

"నీ మొహం చేస్తుంది."

మా ఆవిడ ఉంటే ఈ పని తనది. రెండేళ్ల కిందట నన్ను కూతురి కారులో వెనక సీటుకి వదిలేసి పోయింది. నేను ఇంకా క్షమించలేదు.

రోసెట్టా ఎనభై దాటిన మనిషి. మొగుడు పోయిన దగ్గర్నుంచి నల్లగౌనే వేస్తుందట. ఒక్కో టమాటాని తొడిమ దగ్గర వాసన చూసి, నచ్చకపోతే వెనక్కి పెట్టేస్తోంది. పక్కన బెండకాయలు కనిపించాయి. చేతి అలవాటు. ఒకదాని కొన విరిచాను. లేతదే. ఇంకోటి విరిచాను. అమ్మే పిల్ల నా చేతివంక చూసింది. గీతాంజలి గబగబా ఆ బుట్టంతా కొనేసింది. రోసెట్టా ఏదో అంది.

"ఏమంది?"

"ఏం లేదు." గీతాంజలి బెండకాయలు సంచిలో కుక్కింది.

వాసన చూడటం తప్పు కాదు, కొన విరవడం తప్పు. సరే.

వంటింట్లో నన్ను పొయ్యి పక్కనే కూర్చోబెట్టారు. వెల్లుల్లి నూనెలో వేగింది. ముసలామె టమాటాలు చేత్తో నలిపి వేసింది. తులసిలాంటి ఆకు తుంచి పడేసింది. గీతాంజలి ప్రతిదానికీ తల ఊపుతోంది. పులుసు చిక్కబడ్డాక ముసలామె కర్రగరిటె ముంచి, నాలుకతో రుచి చూసి, మళ్లీ అదే గరిటె గిన్నెలో పెట్టి తిప్పింది.

మా ఇంట్లో ఎంగిలి గరిటె గిన్నెలో పడితే ఆ వంట ఎవరూ ముట్టరు. ఉప్పు చూడాలంటే అరచేతిలో రెండు చుక్కలు పోసుకుంటారు. మా ఆవిడ బతికినన్నాళ్లూ అట్లాగే వండింది.

రోసెట్టా మళ్లీ గరిటె ముంచింది. ఈసారి నా నోటి దగ్గరకు తెచ్చింది.

గీతాంజలి నావంక చూసింది. వీసా ఇచ్చే కిటికీ ముందు నిలబడ్డ రోజు ఇట్లాగే చూసింది.

నేను అరచేయి చాపాను. ముసలామెకు అది వద్దన్నట్టు కనిపించింది. గరిటె వెనక్కి తీసుకుంది. పొయ్యి తగ్గించింది. "ఓకే," అంది. ఆ మాట బాగా లేదు.

"నో, నో," గీతాంజలి తన అరచేయి చాపి చూపిస్తూ గడగడా చెప్పింది. రోసెట్టా నా చేతిని చూసింది, మొహం చూసింది. పోసింది. రెండు చుక్కలు కాదు, గరిటెడు. కుతకుత ఉడుకుతున్న పులుసు.

చేయి కదిలితే పెళ్లి చెదురుతుంది. కదపలేదు. నోట్లో పోసుకున్నాను.

ఎలా ఉందని కళ్లతోనే అడిగింది.

"సాల్ట్ లెస్," అన్నాను.

గీతాంజలి కళ్లు మూసుకుంది.

ముసలామె తనూ మరోసారి రుచి చూసింది. అదే గరిటెతో. ఉప్పు డబ్బా అందుకుంది. చిటికెడు వేసి గీతాంజలితో ఏదో చాలాసేపు చెప్పింది.

"ఏమంటుంది?"

"ఆయన పోయాక ఈ ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పినవాళ్లు లేరంట. అందరూ సూపర్ అనేసి వెళ్లిపోతారంట." గీతాంజలి నావైపు తిరిగింది. "పెళ్లికి ఏ కలర్ వేసుకోవాలి అని అడుగుతుంది, నాన్నా."

"నల్లది వద్దని చెప్పు."

భోజనానికి కూర్చున్నాం. అరచేయి బొబ్బెక్కింది. దాన్ని బల్ల కింద దాచుకుని, ఎడమ చేత్తో ఫోర్కు పట్టుకుని ఆ ఎంగిలి గరిటె వంట తిన్నాను. మా ఆవిడ చూడలేదు, నయం.

ఉప్పు ఇంకా కొంచెం తక్కువే. చెప్పలేదు.