మగ్గం గుంటలో కోదండం

గోడకు అవతల కరెంటు మగ్గం ఆడుతుంటే, ఇవతల గుంట మగ్గంలో కూర్చున్న కోదండం కాళ్లు ఆ చప్పుడుకు తగ్గట్టు తొక్కుతుంటాయి. నగరి ఊళ్లో సగం వీధులకు ఉన్న చప్పుడే అది. ఆయన మగ్గానికి పడుగు లేదు, నిలువునా ఒక్క నూలు పోగైనా లేదు. ఆయనకు మతి తప్పి మూడేళ్లయింది. కరెంటు పోయి కొడుకు ధనశేఖర్ మగ్గం ఆగితే, ఆయన కాళ్లూ ఆగుతాయి.

"పోగు తెగిందే," అంటాడు భార్యతో.

రంగనాయకమ్మ వంగి, లేని పోగును రెండు వేళ్ల మధ్య నలిపి అతికిస్తుంది. "ఊఁ, తొక్కు." మొదట్లో అది ఆయన కోసమే చేసింది. పోనుపోను, అలా వంగినప్పుడల్లా తన లోపలా ఏదో సర్దుకుంటున్నట్టు తోచింది. దాని గురించి ఆలోచించడానికి భయపడింది.

చేనేతవాళ్లకిచ్చే సాయం ఏటా ఆయన ఖాతాలో పడింది. మగ్గంలో కూర్చున్న ఫోటో అడిగారు. కూర్చునే ఉన్నాడు కదా, అనుకుని తీయించి పంపిందామె. ఇప్పుడు, నేయనివాడికి సాయం చెల్లదని, ఆ మూడేళ్ల డబ్బూ తిరిగి కట్టమని నోటీసు వచ్చింది. లేకపోతే ముసలాయన పింఛనులో పట్టుకుంటారు. ఆయన మందులు ఆ పింఛనుతోనే.

విచారణకు వార్డు సచివాలయం నుంచి ప్రతాప్ అనే ఉద్యోగి వచ్చాడు.

"మాఫీకి ఒగ దారుండాదమ్మా. ఆయప్పకు తెలివి లేదు, మీరు మోసం చేయలేదు అని పైకి రాస్తాను. కానీ ఆయప్ప పక్కన నిలబడి నువ్వే చెప్పాల. వీడియో తీయాల."

"బయట చెప్తా నాయనా. ఆయన ముందర వద్దు."

"ఇద్దరూ కనపడాల. నాదేముండాది, యాప్ ఒప్పుకోదు."

"చెప్పేయమ్మా," అన్నాడు ధనశేఖర్. "నాయనకేం అర్థమవుతాది? నిన్న నన్నే సూసి, ఎవురప్పా, ఇల్లు బాడుగకు అడగను వచ్చినావా అన్నాడు."

మాట వినపడదని ప్రతాప్ కరెంటు మగ్గం ఆపించి ఫోను ఎత్తాడు.

"పోగు తెగిందే," అన్నాడు కోదండం.

ఆమె నడుం దానంతటదే వంగబోయింది.

"అమ్మా, ఈ పక్క సూడు. చెప్పు."

"ఈయన నేసి మూడేండ్లాయ," అంది రంగనాయకమ్మ. "మగ్గంలో పడుగే లేదు. ఈయనకు తెలీదు."

కోదండం తలెత్తి ఆమెను చూశాడు. చాలాకాలంగా ఆ కళ్లు ఆమె ముఖం మీద అంతసేపు నిలవలేదు.

"మరి ఇన్నాళ్లూ నువ్వు అతికించిందేందే?"

ప్రతాప్ ఫోను దించాడు. "చాలమ్మా. మాఫీ అయిపోతాది." కోదండం గట్టు మీద చేతులానించి, ఎవరి సాయమూ లేకుండా గుంటలోంచి పైకి లేచాడు.

రెండు నెలలకు మాఫీ మెసేజ్ వచ్చింది. పింఛను పూర్తిగా పడింది, మందులు తెచ్చారు. కోదండం మళ్లీ గుంటలో దిగలేదు, ఇంటి ముందు వీధి తిన్నె మీదే ఉంటున్నాడు. రంగనాయకమ్మ మాత్రా, చెంబుతో నీళ్లూ అందించింది.

ఆయన మాత్రను వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది నిజం మాత్రేనా?"

"మాత్రే. మింగు."

ఆయన ఆమె వేళ్ల వంక చూస్తూ, దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.