చిలుక గుర్తు లేని స్టూలు

నేను ఒక పనస చెక్క స్టూలును. పుట్టింది బొబ్బిలిలో, వీణలు చేసే అప్పలస్వామి కొట్టంలో. నన్ను కోసిన దుంగలోంచే వచ్చిన మా అక్క వీణ అయింది, పట్టుబట్ట కప్పుకుని కచేరీలకు వెళ్లింది. మిగిలిన ముక్కల్లోంచి నేను వచ్చాను. దాన్ని ఒళ్లో పెట్టుకుంటారు, నా మీద కూర్చుంటారు. తలరాత అంటే ఇదే కాబోలు.

అప్పలస్వామి చేతిలో తప్పు జరగదని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమే, ఒక్క నా విషయంలో తప్ప. ఆ రోజు ఆయన ధ్యాసంతా అక్క మీదే ఉంది. నా కాళ్లు కోసేటప్పుడు ఒకటి పొట్టిదైపోయింది. మూడు కాళ్ల పీటనైతే ఎక్కడ వేసినా కదలకుండా ఉండేదాన్ని. నాలుగో కాలు ఉన్నందుకే నా గుట్టు బయటపడింది. ఎవరు కూర్చున్నా టకటకమని ఇటూ అటూ ఊగేదాన్ని. ఆ కొట్టంలో పని పూర్తయిన ప్రతి వస్తువు అడుగునా ఉలితో చిన్న చిలుకను చెక్కుతారు. అదే అప్పలస్వామి సంతకం. వంకర వస్తువుకు మాత్రం చిలుక పడదు. నాకూ పడలేదు. పారేయడానికి మనసొప్పక ఆయన నన్ను కూతురు పైడితల్లికి ఇచ్చేశాడు.

పైడితల్లికి బజారులో ఇడ్లీబండి ఉంది. నా పొట్టికాలి కింద కొబ్బరిచిప్ప ముక్క పెట్టి, నన్ను బండి పక్కన వేసింది. ఆమె కూతురు చైత్రను అక్కడే చూశాను. కాలు గాలిన పిల్లి అంటారే, అచ్చం అదే. చట్నీ వడ్డించమంటే గిన్నె పట్టుకుని కుక్కపిల్ల వెనక వెళ్లిపోయేది. పుస్తకం తెరిస్తే రెండో వరుసకే మనసు వీధిలో ఉండేది. కోపం ఎంత తొందరగా వచ్చేదో ఏడుపూ అంత తొందరగానే వచ్చేది. రాత్రి ఒక పట్టాన నిద్రపోయేది కాదు, పొద్దున ఒక పట్టాన లేచేది కాదు.

ఇడ్లీ తినే ప్రతివాడూ వైద్యుడే. గాలి సోకిందని ఒకరు, గారాబం ఎక్కువైందని ఇంకొకరు, నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుందని వేరొకరు. సలహాకు డబ్బులక్కర్లేదు కదా, రెండో చట్నీలాగా ధారాళంగా పోసేవారు. పైడితల్లి తాయెత్తు కట్టించింది, మొక్కులు మొక్కింది, ఆఖరికి కొట్టింది కూడా. కొట్టిన రోజున పిల్ల కంటే తనే ఎక్కువ ఏడ్చింది.

చివరకు విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. తిరిగొచ్చి తండ్రికి చెబుతుంటే విన్నాను. "ఏడీహెచ్‌డీ అంట నాన్నా. పొగరూ కాదంట, మొద్దుతనమూ కాదంట. ధ్యాసకి పగ్గం వెయ్యడమే మన గుంటకి కష్టమంట. నా పెంపకం తప్పు కాదని డాక్టరమ్మ నా సెయ్యట్టుకుని మరీ సెప్పింది." ఆ చివరి మాట ఆమె రెండుసార్లు చెప్పింది. డాక్టరమ్మ మందు రాశారు, పని చిన్న చిన్న ముక్కలుగా ఇవ్వమన్నారు, చదివేటప్పుడు పిల్లను కదలనివ్వమన్నారు.

అప్పలస్వామికి మాత్రం ఆ ఆఖరి సలహా నచ్చలేదు. కదిలే చేతితో వీణ చెక్కగలమా అన్నాడు.

ఒక సాయంత్రం చైత్ర నా కాలి కింది కొబ్బరిచిప్పను లాగి పారేసి, నా మీద కూర్చుని ఊగుతూ తెలుగు పాఠం చదివింది. టకటక, టకటక. రెండో వరుస దాటింది. పేజీ తిప్పింది. పైడితల్లి ఇడ్లీ పాత్ర మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకైతే గర్వంతో ఒళ్లు పొంగింది.

బడిలో హెడ్‌మిస్ట్రెస్ ప్రమీలారాణి గారు చెడ్డమనిషి కాదు, కానీ విసిగిపోయిన మనిషి. "ఈసారి పరీక్ష మధ్యలో లేచి వెళ్లిపోతే టీసీ తీసుకెళ్లండి" అని కచ్చితంగా చెప్పేశారు. పైడితల్లి డాక్టరమ్మ చీటీ చూపించి బతిమాలితే, వెనక వరుసలో పెద్దగా చప్పుడు కాకుండా గోనెసంచి పరిచి దాని మీద నన్ను వేయడానికి ఒప్పుకున్నారు. అలా నేనూ అయిదో తరగతిలో చేరాను.

పరీక్ష ముందు రోజు అప్పలస్వామి నన్ను కొట్టానికి తీసుకెళ్లాడు. "నా సేత్తో సేసిన వంకర పని బడికెళ్తే నా పరువేటి కావాల? నా మనవరాలు కుదురైన దాని మీద కూకుని రాయాల" అంటూ పొట్టికాలికి పనస ముక్క అతికించాడు, నున్నగా చిత్రిక పట్టాడు. అంతా ప్రేమతోనే చేశాడు. పుట్టిన ఇన్నేళ్లకు నేను తిన్నగా నిలబడ్డాను. నా బతుకులో అంత దండగమారి పని ఇంకోటి లేదు.

మర్నాడు ఆయనే నన్ను సైకిలు మీద బడికి తెచ్చి, పనిముట్ల సంచితో కిటికీ బయట నిలబడ్డాడు. చైత్ర కూర్చుంది. ఊగబోయింది. నేను కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించింది. నేను రాయిలా ఉన్నాను. కలం కింద పడింది. కాకి అరిస్తే తల అటు తిరిగింది. కాసేపటికి పిల్ల లేచి నిలబడింది. ప్రమీలారాణి గారు నిట్టూర్చి ముందుకొచ్చారు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

చైత్ర గుమ్మం వైపు వెళ్లలేదు. నన్ను తిరగేసి, అతుకు ఉన్న కాలు చూసి, దాన్ని నేలకేసి కొట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్?"

"మేడమ్, నేను కదలకపోతే అక్షరాలు కదులుతాయి" అంది చైత్ర. ఏడవలేదు. ఇప్పుడు టైమెంతయిందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

అప్పలస్వామి కిటికీ దగ్గర్నుంచి గుమ్మంలోకి వచ్చాడు. చేతులు జోడించాడు. "పిల్ల తప్పు కాదమ్మా, నాది. ఒక్క ఉలి దెబ్బకి సెలవిప్పించండి." ప్రమీలారాణి గారు పిల్లను చూశారు, ముసలాయన్ను చూశారు, తల ఊపారు. ఆయన ఉలి తీసి, తను అతికించిన ముక్కను తనే ఊడగొట్టాడు. అంత హాయి నేను ఎన్నడూ ఎరగను.

గోనెసంచి మీద మెత్తగా టక, టక. చైత్ర రాసింది. అక్షరాలు వంకరగానే ఉన్నాయి, జవాబులు మాత్రం తిన్నగా ఉన్నాయి. గంట కొట్టాక కూడా లేవలేదు. "అమ్మా చైత్రా, ఇక లే" అని ప్రమీలారాణి గారే బతిమాలాల్సి వచ్చింది. ఆ మాట అంటూ ఆవిడే నవ్వేశారు. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు.

చైత్ర ఆరో తరగతికి వెళ్లింది, నేనూ వెళ్లాను. ఫలితాలు వచ్చిన రోజున అప్పలస్వామి నన్ను తిరగేసి, అడుగున ఉలి పెట్టాడు.

"వంకర దానికి సిలక ఎయ్యవు కదా తాతా?"

"వంకరని ఎవులన్నారే? నీ కొలతకే సేసినాను. ఆ సంగతి నాకే ఆలీసంగా తెలిసింది."

మా అక్క ఎన్నో కచేరీల్లో చప్పట్లు వినే ఉంటుంది. నా మీద కూర్చుని ఒక పిల్ల పరీక్ష పూర్తి చేసింది. ఇక నా దగ్గర వీణల ఊసెత్తకండి.