కదలకూడని చేతులు

రొయ్యలు ఒలుస్తుంటే మా కోడలు యశస్విని వంటింటి గుమ్మంలోకి వచ్చి, "అత్తయ్యా, అలాగే ఉండండి," అని ఫొటో తీసింది. మెడలో ఆ చవక కెమెరా ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో ఏదో విదేశీ కంపెనీకి పంపుతుంది. వాళ్లకి నచ్చితే అమ్మకానికి పెడతారట. పత్రికలవాళ్లూ, ప్రకటనలవాళ్లూ కొనుక్కుంటారట. బందరులో మా వంటింట్లో రొయ్యలు ఒలిచే చేతులు ఎవరికి కావాలో నాకైతే తెలియదు.

నాలుగు రోజులకి ఆ ఫొటో తిరిగొచ్చింది. నాయిస్ ఎక్కువగా ఉందన్నారట. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూపించింది. నా వేళ్ల మీద బొంబాయిరవ్వ చల్లినట్టు రంగురంగుల నలుసులు. పిల్ల మొహం చిన్నబోయింది. నాకు మాత్రం లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. నిజమే చెబుతున్నాను.

"వంటిల్లు చీకటి కదా మావయ్యా," అంది మా ఆయనతో. "వెలుగు చాలకపోతే ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగు పట్టే శక్తి, పెంచాలి. పెంచితే ఈ కెమెరాలో ఇలాగే వస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో వెలుగు పెంచినా ఇంతే, నలుసులు ఇంకా పైకి తేలతాయి. ఆ కిటికీ ఒక్కటి తెరుచుకుంటే..."

ఆ మాట పూర్తికాకముందే మా ఆయన కాంతారావుగారు లుంగీ ఎగ్గట్టారు. కిటికీకి అడ్డంగా నిలబెట్టిన బియ్యం బస్తాలు ఒక్కొక్కటీ వసారాలోకి ఈడ్చారు. నడుంనొప్పి మనిషి! తుప్పుపట్టిన గడియని సుత్తితో కొట్టి తెరిచారు. వంటింట్లోకి తెల్లటి వెలుగు పడింది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ బస్తాలు తీయమని నేనూ అడిగాను. ఉల్లిపాయ తరుగుతూ వేలు తెగినప్పుడు మళ్లీ అడిగాను. "వండటానికి వెలుగెందుకే, చేతికి అలవాటేగా," అన్నారు. మా అత్తగారు పక్కనే నవ్వారు. చేతికి అలవాటయింది. మసిపట్టిన బల్బు కింద రాళ్లు ఏరాను, చేపలు తోమాను, పిల్లాడికి పాలు కాచాను. చీకటిగా ఉందని నా కోసం ఎవరికీ అనిపించలేదు. ఇప్పుడు ఫొటో కోసం అనిపించింది. కోడలి మీద మండిందో, ఆయన మీద మండిందో, ఆ వెలుగు మీదే మండిందో చెప్పలేను.

మర్నాడు పొద్దున్నే యశస్విని కిటికీ కింద పీట వేసింది. కెమెరా స్టాండు మీద పెట్టింది. ఫ్యాను గాలికి స్టాండు అదురుతుందంటే మా అబ్బాయి కళ్యాణ్ పరుగున వెళ్లి ఫ్యాను ఆపాడు. టీవీ కూడా ఆపాడు. మే నెల ఉక్కలో ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. నాకు నూటమూడు జ్వరం వచ్చిన రోజున కూడా ఈ ఇంట్లో టీవీ గొంతు తగ్గలేదు. మా ఆయన తెల్లటి థర్మాకోల్ అట్ట రెండు చేతులతో ఎత్తిపట్టుకుని వెలుగు నా మీదికి మళ్లిస్తున్నారు. "ఇలా చాలా అమ్మా? ఇంకొంచెం వంచనా?" అని కోడలిని అడుగుతున్నారు. నన్ను ఏనాడూ అలా అడగలేదు.

"ఐఎస్ఓ వందలో పెట్టానత్తయ్యా, నలుసులు రావు. కానీ షట్టరు మెల్లగా పడుతుంది. నేను చెప్పేదాకా వేళ్లు కదలకూడదు."

రొయ్య పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను. నా చేతులు ఊరికే ఉన్నది పుట్టింటి నుంచి తిరిగొచ్చేటప్పుడు అవనిగడ్డ బస్టాండులోనే. మా అమ్మ వాటిని పట్టుకుని బస్సు కదిలేదాకా వదిలేది కాదు. ఉప్పెనలో అమ్మ పోయాక వాటిని పట్టుకునేవాళ్లు లేరు. ఈ పిల్ల కూడా రేపు నాలుగు ఫొటోలు అమ్ముడుపోగానే నా కొడుకుని తీసుకుని హైదరాబాదు వెళ్లిపోతుందేమో.

"ఏమేవ్, మంచినీళ్లు," అన్నారు మా ఆయన, అట్ట పట్టుకునే.

నేను లేచాను. లేవాలని అనుకోలేదు, కాళ్లే లేచాయి.

"అయ్యో అత్తయ్యా, కదిలారు!"

"రెండు క్షణాలు కుదురుగా కూర్చోలేవా?" అని కసిరారు ఆయన.

యశస్విని అటు తిరిగి, "అడిగింది మీరే కదా మావయ్యా," అంది. మెల్లగానే అంది. ఆ మాట అనడానికి నాకు ఈ వయసొచ్చినా నోరు రాలేదు. ఆ పిల్ల మీద అసూయ అప్పుడు ఇంకా పెరిగింది.

మళ్లీ కూర్చున్నాను. ఈగ వచ్చి బొటనవేలి మీద వాలింది. తోలలేదు. వీధిలో గేటు చప్పుడైంది.

"పక్కింటి సత్యవేదంగారొచ్చినట్టున్నారు. ఇదిగో, కాఫీ పెట్టు," అన్నారు మా ఆయన.

కాళ్లు లేవబోయాయి. లేవనివ్వలేదు. షట్టరు పడిన చప్పుడు వినిపించింది.

"అయిపోయిందత్తయ్యా, లేవచ్చు. ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి."

"ఇంకోటి తియ్యమ్మా," అన్నాను.

"మరి కాఫీ?" అన్నారాయన.

"స్టవ్వు మీ పక్కనే ఉందండీ. అడుగులు మెల్లగా వెయ్యండి, నేను కదలకూడదు."