మిరపకాయ సార్ పక్కసీటు

విమానం సిబ్బందంతా ఆ కెప్టెన్‌ని చాటుగా మిరపకాయ సార్ అంటారు. ఊరికే అనలేదు లెండి. ఆ పొద్దున కూడా ఎక్కీ ఎక్కగానే, ఏదో గుర్తుచేయబోయిన ఎయిర్‌హోస్టెస్‌ని "నాకు నేర్పుతున్నావా?" అని అందరి ముందూ కడిగేశాడు. పక్కసీట్లో ఉన్న కొత్త కోపైలట్ పిల్ల, ఆ తిట్లు తనకే తగిలినట్టు ముడుచుకుపోయింది. ఈ ట్రిప్పు చివర ఆయన సంతకం పెడితేనే ఆమె ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే ఇంటికే.

దిగే వేళకి బయట మబ్బు తప్ప ఏమీ కనిపించడం లేదు. కింద కొండలు. నాలుగు వేల అడుగుల దాకా దిగమని రేడియోలో కంట్రోలర్ చెప్పాడు. ఆమె నాలుగు వేలని తిరిగి చెప్పింది. కెప్టెనేమో విమానం ఎంత ఎత్తు దాకా దిగాలో పెట్టే నాబ్ తిప్పి మూడు వేలు పెట్టాడు!

పైలట్లకి ఒక పద్ధతి ఉంది. ఒకరు అంకె పెడితే రెండోవారు వేలు చూపించి పైకి చదవాలి. ఆమె వేలు చూపించింది. పైకి మాత్రం చదవలేదు. అప్పటికి ఆరు వేల అడుగుల మీద ఉన్నారు.

"సార్... మూడేనా?" అని గొణిగింది చివరికి.

"అమ్మాయ్, నీ పని నువ్వు చూసుకో."

ఐదు వేలు. నాలుగున్నర వేలు. పాపం, ఏం చేస్తుంది! ఒకపక్క ఆయన సంతకం, ఇంకోపక్క వెనక కూర్చున్న నూట అరవై మంది. ఉద్యోగం పోతే పోయింది, కొండ మాత్రం ఎవరి మొహం చూసీ పక్కకి జరగదు అనుకుంది.

"సార్, తప్పు! వాళ్లు నాలుగన్నారు, మీరు మూడు పెట్టారు. కింద కొండలున్నాయి. దిగడం ఆపండి!"

ఆయన మొహం కందిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాడు. అంతలో చూపు అంకె మీద పడింది. మారుమాట లేకుండా నాబ్ తిప్పాడు. విమానం నాలుగు వేల దగ్గర దిగడం ఆపింది.

క్షేమంగా దిగి, ప్రయాణికులంతా వెళ్లిపోయాక ఆయన ఆమె ఫారం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తప్పు ఎప్పుడు చూశావ్?"

"మీరు పెట్టగానే సార్. ఆరు వేల దగ్గర."

"గట్టిగా చెప్పింది నాలుగు వేల రెండొందల దగ్గర. అంతసేపు నాన్చావేం? అంత భయపడ్డానికి అక్కడేముంది?"

ఇక దాచి లాభం లేదనిపించింది ఆమెకి.

"మీరున్నారు సార్."

ఆయన చేతిలో పెన్ను ఆగిపోయింది.

"కొండ కన్నా నేనంటేనే భయమన్నమాట," అన్నాడు.

ఆయన సంతకం పెట్టి ఫారం చేతికిచ్చాడు. ఆమె బ్యాగు సర్దుకుని వెళ్లిపోయినా, తను మాత్రం సీట్లోంచి లేవలేకపోయాడు.