సంబరానికి ప్రకృతి

సీతాఫల్‌మండిలో రోసమ్మ టీచర్ ఇంటి ముందుగదిలో ఒక నల్లబోర్డు ఉంది. దాని మీద వికృతి రాస్తే చాలు, రెప్పపాటులో ప్రకృతిగా మారిపోతుంది. అగ్గి అని రాస్తే అగ్ని, రాతిరి అని రాస్తే రాత్రి. ట్యూషన్‌కు వచ్చే పిల్లల తల్లులకు ఇందులో వింతేమీ కనిపించలేదు. కరెంటు పోయినా పనిచేస్తుందని మాత్రం మెచ్చుకునేవాళ్లు.

ఆ వారం చిక్కంతా టీచర్‌తోనే వచ్చింది. రైల్వే గార్డుగా రిటైరైన కాలేబు, చర్చిలో పాటల పుస్తకం అందిస్తూ, "మనం పెండ్లి చేసుకుందమా టీచరమ్మా" అని అడిగేశాడు. శనివారం సాయంత్రంలోగా పాస్టరు గారికి పేర్లిస్తేనే ఆదివారం ఆరాధనలో పెళ్లి ప్రకటన చదువుతారు. యాభై నాలుగేళ్లు ఒంటరిగా, బాగానే బతికిన మనిషికి ఇదేం పరీక్ష! టీలో ఉప్పు వేసింది. ఆడపిల్లల క్లాసులో హాజరు పిలుస్తూ "కాలేబు" అంది. పెళ్లంటే మనసు నిమ్మళంగా, నిండుగా ఉండాలి గదా, తనకేమో గుండె దడ తప్ప ఇంకోటి లేదు. ఇది సంతోషం కాదు, కాబట్టి వద్దనే చెప్పాలని తేల్చుకుంది. తేల్చుకున్నాక ఏడుపొచ్చింది. ఎందుకో అంతుబట్టలేదు.

శనివారం నాలుగింటికి కాలేబు వచ్చేసరికి ఆమె సోమవారం పాఠం చూసుకుంటోంది. బోర్డు మీద సంబరం అని రాసింది. అది సంభ్రమం అయి కూర్చుంది.

"గిదేంది టీచరమ్మా?" అన్నాడు కాలేబు.

"సంబరానికి ప్రకృతి."

"అంటే?"

"కంగారు. తొట్రుపాటు. ఏం చేస్తున్నమో తెల్వకపోవుడు" అని అలవాటుగా చెప్పేసి, ఆమె ఆగిపోయింది.

"మరి కంగారు పోయి ఖుషీ ఎట్లయింది?"

"తెల్వదు కాలేబు గారూ. ముప్పై ఏండ్ల సంది చెప్తున్న. ఎవ్వరడగలే. నన్ను నేను సుత అడుగలే."

కాలేబు కుర్చీ అంచున కూర్చున్నాడు. "నాకైతే వారం సంది ఆకలైతలేదు. బీపీ అనుకొని గోలీ వేసుకున్న. మీరు వద్దంటే వద్దని చెప్పుండ్రి, పాస్టరు గారికి ఫోన్ చేస్త."

వద్దని చెప్పడానికే ఆమె నోరు తెరిచింది. చూస్తుండగానే బోర్డు మీద భ కింది ఒత్తు సుద్దపొడిగా రాలి, బ మిగిలింది. రావత్తు పక్కకొచ్చి ర అయి నిలబడింది. మ దానికి చోటిచ్చి తప్పుకుంది. ఎప్పుడూ మాటల్ని వెనక్కే తీసుకుపోయే బోర్డు ముందుకు నడవడం అదే మొదలు. రోసమ్మ ఆ సంబరాన్ని రెండుసార్లు చదువుకుంది. గుండె దడ తగ్గలేదు గానీ, దాన్ని చూసి భయపడడం మానేసింది.

"పాస్టరు గారికి నా పేరు రోసమ్మ అనే చెప్పుండ్రి" అంది. "రోజ్ అని దిద్దుతరు. ఒప్పుకోవద్దు."

కాలేబు కంగారులో పాస్టరు గారికని గ్యాస్ బుకింగ్‌కు ఫోన్ కలిపి, "రోసమ్మ సార్, రోజ్ కాదు, రోసమ్మ" అని గట్టిగా మూడుసార్లు చెప్పాడు.